నాయన కారు ఎవరికిచ్చినా, ముందు అది అమ్మ పేరు మీదికి రావాలి

ప్రశ్న: మాది గుంతకల్లు. మా నాయన రైల్వేలో చేసి రిటైరయ్యారు. 2007లో ఇష్టపడి కొన్న మారుతి 800, ఏపీ 02 నంబరు. 2022లో ఆర్‌సీ ఇంకో అయిదేళ్ళకు రెన్యువల్ కూడా చేయించారు. 2024లో ఆయన పోయారు. కారు ఇంటి దగ్గరే ఉంది, తమ్ముడు అప్పుడప్పుడు తీస్తుంటాడు. ఇప్పుడు బళ్ళారి నుంచి ఒకాయన కొంటానని వచ్చారు. మధ్యలో ఉన్న బ్రోకరు, "పేరు మార్పించడమంతా పెద్ద తలనొప్పి, ఫారాల మీద మీ నాయన సంతకం మీరే పెట్టిచ్చేయండి, మిగతాది నేను చూసుకుంటా" అంటున్నాడు. ఇంకొకరేమో 15 ఏళ్ళు దాటిన కారు అమ్మకూడదు, తుక్కుకే ఇవ్వాలంటున్నారు. అమ్మకు కారు పంపించడమే ఇష్టం లేదు. మేమేం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు ఒక్క మాట. ఆ సంతకం పెట్టకండి. మీరు పెట్టద్దు, మీ తమ్ముడిని పెట్టనివ్వద్దు. చనిపోయిన మనిషి సంతకం ఇంకొకరు పెడితే అది ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద దానికి రెండేళ్ళ దాకా జైలు, మోసం చేసే ఉద్దేశంతో చేశారని తేలితే ఏడేళ్ళ దాకా శిక్ష. మీరు ఎవరినీ మోసం చేయాలనుకోవడం లేదని నాకు తెలుసు, కానీ రేపు ఆ కారు మీద ఏదైనా కేసు పడి కాగితాలు బయటికి తీస్తే, 2024లో పోయిన మనిషి ఆ తర్వాతి తేదీతో అమ్మినట్టు కనిపిస్తుంది. అప్పుడు బ్రోకరు ఎక్కడుంటాడో తెలియదు, మీ ఇల్లు మాత్రం గుంతకల్లులోనే ఉంటుంది. బండి అమ్మినట్టు తెలిపే ఫారం 29, పేరు మార్పు కోరే ఫారం 30 ఖాళీగా ఉంచి సంతకాలు పెట్టివ్వమన్నా ఇవ్వకండి. ఒరిజినల్ ఆర్‌సీ కూడా ఇప్పుడే ఎవరి చేతికీ వద్దు.

రెండోది, 15 ఏళ్ళ భయం. పది, పదిహేనేళ్ళు దాటిన బండ్లు తిరగకూడదని మీరు విన్నది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి కోర్టులు పెట్టిన ఆంక్ష. మన దగ్గర అది లేదు. మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ ప్రకారం సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళుంటుంది, ఆ తర్వాత బండి కండిషన్ చూసి అయిదేళ్ళకోసారి పొడిగిస్తారు. మీ నాయన ఆ పని చేయించి వెళ్ళారు కాబట్టి 2027 దాకా ఆ కారుకు ప్రాణం ఉంది, అమ్ముకోవచ్చు కూడా. అయితే 2022 ఏప్రిల్ నుంచి పాత బండ్ల రెన్యువల్ ఫీజు బాగా పెరిగింది. కొనేవాళ్ళు బేరంలో ఆ మాట తెస్తారు, అది న్యాయమైన మాటే.

ఇప్పుడు అసలు విషయం. రికార్డులో ఆ కారు ఇంకా మీ నాయనదే, కాబట్టి ఈ రోజు దాన్ని అమ్మే హక్కు మీ ఇంట్లో ఏ ఒక్కరికీ విడిగా లేదు. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం అది మొదటి తరగతి వారసులందరిదీ. అంటే మీ అమ్మ, మీరు, మీ తమ్ముడు. మీకు పెళ్ళయిందా లేదా అన్నదానితో సంబంధం లేదు. చాలామంది మర్చిపోయే మనిషి ఇంకొకరున్నారు. మీ జేజి, అంటే మీ నాయనను కన్న తల్లి బతికి ఉంటే ఆమెకూ మీతో సమానంగా ఒక వాటా ఉంటుంది. పాత మారుతి 800కి వచ్చే డబ్బెంత, అందులో జేజి వాటా ఎంత అనుకోకండి. కాగితం మీద ఆమె సంతకం లేకపోతే రవాణా శాఖ (ఆర్‌టీఓ) ఆఫీసులో పని ఆగుతుంది, అంతకంటే ముఖ్యంగా కొడుకు కారు తనకు చెప్పకుండా అమ్మేశారని ఆ పెద్దావిడ బాధపడితే ఆ తప్పు సరిదిద్దలేం.

నా సలహా, కారు ముందు మీ అమ్మ పేరు మీదికి తెండి. దానికి ఫారం 31 ఉంది. మీ నాయన మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ (మీ వార్డు సచివాలయంలో అప్లై చేయొచ్చు), ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, మిగతా వారసులు "మాకు అభ్యంతరం లేదు" అని ఇచ్చే అఫిడవిట్, ఇవి ప్రధానంగా అడుగుతారు. ఈమధ్య ఆర్‌సీలో నామినీ పేరు పెట్టుకునే వీలు వచ్చింది, రెన్యువల్ చేయించినప్పుడు మీ నాయన మీ అమ్మ పేరు రాసి ఉంటే పని ఇంకా తేలిక, ఒకసారి చూసుకోండి. అలాగే 2007లో లోను తీసుకుని ఉంటే, అప్పు తీరినా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే మిగిలిపోయి ఉండొచ్చు. ఉంటే బ్యాంకు నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చి ఫారం 35తో తీయించాలి. నిజానికి యజమాని పోయిన 30 రోజుల్లో ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లోపు పేరు మార్పుకు అప్లై చేయాలని రూలు. మీకు అది దాటిపోయింది. దానికి టెన్షన్ వద్దు, ఆలస్య రుసుము కట్టించుకుని చేస్తారు.

తమ్ముడు అప్పుడప్పుడు తీస్తుంటాడన్నారే, అది మాత్రం ఈ రోజే ఆపండి. పాలసీ ఉన్న మనిషి చనిపోతే ఆ పాలసీ మూడు నెలలు గానీ గడువు ముగిసేదాకా గానీ, ఏది ముందైతే అంతవరకే నడుస్తుంది. ఆ లోపు వారసులు తమ పేరు మీదికి మార్పించుకోవాలి. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో నాయన పేరు మీదే రెన్యువల్ కొట్టి ఉంటే ప్రీమియం తీసుకుంటారు గానీ, ప్రమాదం జరిగిన రోజు కంపెనీ ఆ పాయింటే పట్టుకుంటుంది. గుత్తి రోడ్డులో ఎవరికైనా తగిలితే పరిహారం మీ మీద పడుతుంది. అమ్మ పేరు మీద ఆర్‌సీ, ఇన్సూరెన్స్ రెండూ వచ్చాకే కారు రోడ్డెక్కాలి.

"వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుంటాం కదా, చాలదా" అని కూడా చాలామంది అడుగుతుంటారు. చాలదు. చట్టం దృష్టిలో ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనరు. నవీన్ కుమార్, విజయ్ కుమార్ల కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అందులో కారును 2007లోనే అమ్మేశారు, అది చేతులు మారుతూ పోయింది, 2009లో ప్రమాదం జరిగి ఒక పిల్లవాడు చనిపోయాడు. రికార్డులో మొదటాయన పేరే మిగిలిపోవడంతో పరిహారం బాధ్యత ఆయన మీదే పడింది. మీ విషయంలో ఆర్‌సీలో ఉన్నది పోయిన మనిషి పేరు. ఆయన వదిలి వెళ్ళిన ఆస్తి మేరకు నష్టపరిహారం వారసుల దగ్గర వసూలు చేయొచ్చు. జీవితమంతా ఉద్యోగం చేసి ఆయన కట్టుకున్న ఇంటి దాకా ఈ కారు వ్యవహారం రాకూడదన్నదే నా ఆరాటం.

బళ్ళారి మనకు పక్క ఊరే గానీ పక్క రాష్ట్రం. అమ్మ పేరు మీదికి వచ్చాక, బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి ఆర్‌టీఓ ఆఫీసు ఇచ్చే ఎన్‌ఓసీకి ఆమె ఫారం 28తో అప్లై చేయాలి. పెండింగ్ చలాన్లుంటే అప్పుడే బయటపడతాయి, కట్టేయండి. ఎన్‌ఓసీ చేతికొచ్చాక, డబ్బు బ్యాంకు ఖాతాలో పడ్డాక తాళం ఇవ్వండి. కొనేవాళ్ళ ఆధార్ కాపీ తీసుకోండి, బండి అప్పగించినట్టు రాసుకునే డెలివరీ నోట్‌లో తేదీతో పాటు టైము కూడా రాసి సంతకం చేయించండి. అదే రోజు సాయంత్రం దారిలో ఏదైనా జరిగితే ఆ టైమే మీకు పనికొచ్చే సాక్ష్యం. కర్ణాటకలో మళ్ళీ రిజిస్టర్ చేయించుకోవడం, అక్కడి లైఫ్ టాక్స్ కట్టుకోవడం కొన్నాయన పని. ఆ ఖర్చు లెక్కేసుకుంటే ఆయనే వెనక్కి తగ్గొచ్చు, అది ముందే మాట్లాడుకోండి. మన రాష్ట్రంలోనే, గుత్తిలోనో తాడిపత్రిలోనో కొనేవాళ్ళు దొరికితే పని సులువు. అమ్మినవాళ్ళు 14 రోజుల్లో ఫారం 29 ఇవ్వాలి, కొన్నవాళ్ళు 30 రోజుల్లో పేరు మార్చుకోవాలి. ఎవరికి అమ్మినా ఫాస్టాగ్ క్లోజ్ చేయించడం మర్చిపోకండి. నెల తర్వాత ప్రభుత్వ రవాణా వెబ్‌సైట్ పరివాహన్‌లో నంబరు కొట్టి, పేరు మారిందో లేదో మీరే చూసుకోండి. మారకపోతే ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు దాచుకోండి.

కారు నడిచే స్థితిలో లేకపోతే తుక్కుకు ఇవ్వడంలో తప్పు లేదు. పాత ఇనుప సామాన్ల కొట్టుకు మాత్రం వద్దు, ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వండి. వాళ్ళిచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్‌తో కొత్త సొంత కారు కొనేటప్పుడు పన్నులో 25 శాతం దాకా రాయితీకి కేంద్ర నిబంధనల్లో వీలుంది. ఆ పాత నంబరు రిజిస్ట్రేషన్ రద్దయిందో లేదో చూసుకునే బాధ్యత మీదే.

ఇక మీ అమ్మ సంగతి. ఆ కారును పంపించి తీరాలని ఏ చట్టమూ ఆమెను తొందరపెట్టడం లేదు. మీ కాంపౌండ్ లోపల, రోడ్డు మీదికి తీయకుండా ఉంచుకుంటే ఇన్సూరెన్స్ లేదని కూడా ఎవరూ అడగరు, ఎందుకంటే ఆ నిబంధన బహిరంగ ప్రదేశాల్లో నడిపే బండికే. ఇంటి దగ్గరే ఉందన్నారు, అది వీధిలో అయితే లోపలికి నెట్టించండి. ఉంచుకున్నా సరే పేరు మాత్రం మార్పించండి. భర్త బండి గురించి ఇల్లంతా తలా ఒక మాట అంటుంటే ఆమె నోరు తెరవలేకపోవచ్చు, ఆర్‌సీ ఆమె పేరు మీద ఉంటే అమ్మకం కాగితం మీద సంతకం ఆమెదే కావాలి, ఆమె వద్దంటే ఆగిపోతుంది. అందుకే వారసులు ఇంతమంది ఉన్నా ఆమె పేరే చెప్పాను. 2027లో రెన్యువల్ వస్తుంది. ఆ లోపు ఆమె మనసు ఎటు తిరిగితే అటు చేయండి.

రేపు సచివాలయానికి వెళ్ళి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు అప్లై చేయండి, దానికే టైము పడుతుంది. వెళ్ళేటప్పుడు జేజి ఆధార్ కూడా తీసుకెళ్ళండి. బళ్ళారి ఆయన ఆగగలిగితే ఆగమనండి, అడ్వాన్సు మాత్రం ఇప్పుడే తీసుకోకండి.