ఓటీపీ పెట్టాను, సరిపోదా?

ప్రశ్న: మేడమ్, సూర్యారావుపేటలో మాకు తెలిసిన డాక్టరుగారి క్లినిక్కు వెబ్ అప్లికేషన్ తయారుచేస్తున్నాను. పేషెంట్లు పాత చీటీలు, ల్యాబ్ రిపోర్టులు ఇంటి దగ్గరే చూసుకోవాలని ఆయన కోరిక. హెచ్‌టీటీపీఎస్ ఉంది, ఫోనుకు ఓటీపీ వెళ్తుంది. ఇంకా ఏమైనా చేయాలా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రెండేళ్ల కిందట గుంటూరులో ఒక ల్యాబులో మా అమ్మకు థైరాయిడ్ పరీక్ష చేయించాను. సాయంత్రం లింకు వచ్చింది. ఓటీపీ కొట్టి రిపోర్టు తెరిస్తే, పైన అడ్రసు చివర ఐదంకెల నంబరు కనబడింది. అనుమానం వచ్చి చివరి అంకె ఒకటి పెంచాను. ఇరవై రెండేళ్ల అమ్మాయి ప్రెగ్నెన్సీ టెస్టు రిపోర్టు, ఇంటిపేరుతో సహా తెరుచుకుంది. వెంటనే మూసేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రిపోర్టు వాళ్ల ఊరివాళ్లెవరి కంటైనా పడితే ఆ పిల్ల పరిస్థితి ఏమిటి? పొద్దున్నే వెళ్లి ల్యాబువాళ్లకు చెప్పాను.

మీరు పెట్టిన రెండూ, అంటే డేటాను దారిలో ఎవరూ చదవకుండా కాపాడే హెచ్‌టీటీపీఎస్, ఓటీపీ, ఆ సైటులోనూ ఉన్నాయి. వచ్చిందెవరో సర్వరు అడిగింది, అడుగుతున్న రిపోర్టు వాళ్లదేనా అని చూడలేదు. ఓవాస్ప్ సంస్థ 2021లో వేసిన వెబ్ లోపాల జాబితాలో మొదటి స్థానం ఈ తరహా తప్పులదే. రిపోర్టు అడిగిన ప్రతిసారీ, లాగిన్ అయినవాళ్లకు దాన్ని చూసే హక్కుందో లేదో సర్వర్లోనే సరిచూడాలి. స్క్రీను మీద బటన్ దాచేస్తే చాలదు. వరస నంబర్లకు బదులు యూయూఐడీ, అంటే ఊహించడానికి వీల్లేని పొడవాటి గుర్తింపు సంఖ్య, వాడండి, మంచిదే. అయినా తనిఖీ మానకూడదు. పీడీఎఫ్‌లను ఎవరైనా తెరవగల ఫోల్డర్లో ఉంచకండి. తనిఖీ అయ్యాక, కొద్ది నిమిషాల్లో చెల్లిపోయే లింకు ఇవ్వండి.

ఇక ఓటీపీ సంగతి. ఒక రోజు రిసెప్షన్లో కూర్చుని రిజిస్టరు చూడండి. ఒకే ఫోన్ నంబరు మీద తల్లి, కొడుకు, కోడలు కనబడతారు. తెనాలి వైపు నుంచి వచ్చిన పెద్దాయన, వెంట వచ్చిన మేనల్లుడి నంబరు రాయించి వెళ్తాడు. అంటే ఓటీపీ చెప్పేది ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నంతవరకే. అందుకే రికార్డును నంబరుకు ముడిపెట్టకండి, మనిషికి ముడిపెట్టండి. ‘మీ రిపోర్టులు ఈ ఫోనులో ఎవరెవరు చూడొచ్చు?’ అని కౌంటర్లో పేషెంటునే అడిగి, ఆ జవాబును రికార్డు చేయించండి. కోడలి సంగతి కోడలినే అడగాలి, వీలైతే పక్కన ఎవరూ లేనప్పుడు. ఇచ్చిన అనుమతిని ఆమె ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలగాలి. కోడు రాయడం కన్నా ఇదే కష్టం, ఎక్కువ టైము దీనికే పెట్టండి.

స్టాఫులో ఎవరి లాగిన్ వారికి ఉండాలి. మానిటరుకు అంటించిన ఒకే పాస్‌వర్డుతో అందరూ పని కానిస్తుంటే, ఎవరు ఎవరి రికార్డు తెరిచారో, ప్రతి పనినీ నమోదు చేసే లాగ్ పెట్టినా తేలదు. అపాయింట్‌మెంట్లు చూసే అమ్మాయికి రోగ నిర్ధారణ కనబడాల్సిన పనిలేదు. బ్యాకప్‌లను కూడా ఎన్‌క్రిప్ట్ చేయండి, అంటే తాళంచెవి లాంటి కోడు లేనివాళ్లు చదవలేని రూపంలోకి మార్చండి.

వేరే ఆసుపత్రుల రికార్డులు కూడా తెప్పించాలనుకుంటే కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దారి ఉంది. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైంది. అందులో పేషెంటుకు 14 అంకెల ఆభా నంబరు, అంటే ఆరోగ్య ఖాతా నంబరు, ఉంటుంది. రికార్డులు ఏ ఆసుపత్రివి అక్కడే ఉంటాయి, పేషెంటు ఒప్పుకున్నాకే ఎఫ్‌హెచ్‌ఐఆర్ అనే, ఆరోగ్య రికార్డులు ఇచ్చిపుచ్చుకునే ఉమ్మడి పద్ధతిలో మీకు చేరతాయి. ముందు వాళ్ల శాండ్‌బాక్స్‌లో, అంటే అసలు రికార్డులు తాకకుండా ప్రయత్నించి చూసే చోట, పరీక్షించుకోండి. డాక్టరుగారికి మరో మాట చెప్పండి: 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, తగిన భద్రత పెట్టనందుకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు.

అప్పగించే ముందు ఉత్తుత్తి పేషెంట్లను ఇద్దరిని సృష్టించండి. ఒకరిగా లాగిన్ అయి రెండోవారి చీటీ, ఎక్స్‌రే, పీడీఎఫ్, ప్రింట్ లింకు ఒక్కొక్కటే అడగండి. ఒక్కటి తెరుచుకున్నా సరే, డాక్టరుగారు ఎంత తొందరపెట్టినా సైటు మొదలుపెట్టకండి.