ఇంగువలో కూడా గోధుమ ఉంటాదా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ, మాది గోపాలపట్నం. మా పాపకి తొమ్మిదేళ్లు. ఏడాదిగా రక్తం తక్కువుందని ఐరన్ టానిక్ పట్టిస్తూనే ఉన్నాం, పెరగట్లేదు, పొట్ట ఉబ్బరం, ఊరికే విరేచనాలు, ఎత్తు కూడా ఎదగట్లేదు. ఇప్పుడు టీటీజీ అనే రక్తం టెస్టు పాజిటివ్ వచ్చింది, సీలియాక్ కావచ్చు, వచ్చే నెల ఎండోస్కోపీ అన్నారు. భయమేసి గోధుమ మొత్తం మానిపించేసాను. మా అత్తగారేమో అన్నం తినే ఇంట్లో ఈ జబ్బేంటి, ఎప్పుడైనా ఓ పూరీ తింటే ఏమవుద్ది అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ డాక్టర్‌కి ఫోన్ చేసి గోధుమ మానిపించేసామని చెప్పండి. ఎండోస్కోపీ అయ్యేదాకా పాప మామూలుగా తింటూ ఉండాలి, లేకపోతే పేగు కొంచెం కోలుకుని బయాప్సీలో, అంటే ఎండోస్కోపీలో పేగు నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్షలో, జబ్బు సరిగ్గా కనపడకపోవచ్చు.

సీలియాక్ అంటే అరగకపోవడం కాదు, అలర్జీ కూడా కాదు. గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటిదే ఇంకో ధాన్యం) గింజల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ లోపలికెళ్తే ఒంట్లో రక్షణ వ్యవస్థ మన చిన్నపేగు మీదే దాడి చేసుద్ది, తిన్నది పీల్చుకునే సన్నటి నూగు లాంటి పొర అరిగిపోద్ది. ఐరన్ పీల్చుకునేది ముఖ్యంగా ఆ పేగు మొదటి భాగంలోనే, అందుకే ఎంత టానిక్ పోసినా రక్తం పట్టలేదు. ఈ జబ్బు ఉత్తరాదిలో ఎక్కువ, మన వైపు తక్కువే, కానీ లేకుండా పోలేదని అత్తగారికి చెప్పండి. బయాప్సీలో ఖాయమైతే మాత్రం ఓ పూరీ కూడా వద్దు, జీవితాంతం అంతే, మందులు లేవు, తిండే మందు.

అన్నం, ఇడ్లీ, పెసరట్టు, చోడి (రాగి) అంబలి అన్నీ తినొచ్చు కాబట్టి మనకి కొంత తేలికే, అసలు చిక్కంతా దాక్కున్న గోధుమతోనే. డబ్బా ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు, ఆ ఇంగువే పులిహోరలోకి, సాంబారులోకి, ఊరగాయలోకి వెళ్తాది, లేబుల్ చదివి కొనండి. పెసరట్టు మంచిదే గానీ లోపల పెట్టే ఉప్మా రవ్వ గోధుమదే. మాడుగుల హల్వా చేసేది గోధుమ పాలతోనని చాలామందికి తెలీదు. సేమ్యా, కాజా, బార్లీ మాల్ట్ కలిపిన పాల పొడులు కూడా వద్దు. బీచ్ రోడ్డులో బజ్జీ శనగపిండిదే అయినా అదే నూనెలో మైదా పునుగులు కూడా వేయిస్తారు, అది నాకు నమ్మకం లేదు. ఇంట్లో చపాతీ పెనం, పిండి జల్లెడ పాపకి వేరేగా పెట్టండి. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉందంటే కిలోకి 20 మిల్లీగ్రాముల లోపే ఉండాలి, అలాంటివి కొనొచ్చు. స్కూల్లో టీచర్‌కి కూడా చెప్పి ఉంచండి, పుట్టినరోజు కేకు దగ్గర పిల్ల ఒక్కతే కాదనలేదు పాపం.

ఖాయమయ్యాక మీరు, మీ వారు, ఇంకో పిల్లలుంటే వాళ్లు కూడా అదే టెస్టు చేయించుకోండి, దగ్గరి రక్తసంబంధంలో సుమారు పదిమందిలో ఒకరికి ఉండొచ్చు, బయటికి ఏ ఇబ్బందీ లేకపోయినా.