ఊకె పంచిపెడితే నా బిడ్డకు ఏమొస్తది?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. నాకు ఒక్కతే బిడ్డ. లెక్కల్ల బీఎడ్ చేసి హన్మకొండల ఒక ప్రైవేటు బడిల చెప్తున్నది. 2024 డీఎస్సీల కొద్దిల పోయింది. బడి నుంచి వచ్చి, తిన్నంక పదకొండు దాక ఫోన్ల ఏవో కోర్సులు చూస్తది. వర్క్‌షీట్లు తయారుజేసి, మొకం తెల్వని సార్లున్న గ్రూపులల్ల పెడ్తది. కష్టపడి చేసింది ఊకె ఇచ్చుడేంది బిడ్డా అంటే "నీకు తెల్వదు బాపు" అంటది. వీటితోటి సర్కారు నౌకరి వస్తదా? బంద్ చెయ్యుమనాల్నా?

జవాబు: బంద్ చెయ్యమనకండి. కానీ నౌకరి సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా డీఎస్సీలో ఒక్క మార్కు కలవదు. 2024లో స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు రాతపరీక్ష 80 మార్కులు, టెట్ (టీచరు అర్హత పరీక్ష) వెయిటేజీ 20 మార్కులు. అంతకు మించి లెక్కలోకి వచ్చేది ఏదీ లేదు.

అందుకే ముందు ఆమె టెట్ మార్కులు చూడండి. టెట్‌లో 150కి వచ్చిన మార్కులను 20కి కుదిస్తారు. అంటే మళ్లీ రాసి పదిహేను మార్కులు పెంచుకుంటే డీఎస్సీలో రెండు మార్కులు పెరిగినట్టే. ఒక్కో ప్రశ్నకు అర మార్కే ఉన్న పరీక్షలో, కొద్దిలో పోయిన పిల్లకు ఆ రెండు మార్కుల విలువ నేను చెప్పనక్కర్లేదు.

ఇక ఆ 80 మార్కుల్లో సబ్జెక్టుకు 44, మెథడాలజీకి (బోధనా పద్ధతులకు) 16, విద్యా దృక్పథాలకు 10, జీకే, కరెంట్ అఫైర్స్‌కు 10. మెథడాలజీ, విద్యా దృక్పథాలు కలిపితే 26. చాలామంది వీటిని చివరి నెలలో గైడు పట్టుకుని బట్టీ కొడతారు. రోజూ తరగతిలో పాఠం చెప్తూ, పిల్లలు ఎక్కడ తప్పుతున్నారో రాసుకుంటూ, దానికి తగ్గ కోర్సు చూసే టీచరుకు ఈ 26 మార్కుల భాగం అనుభవంగా ఎక్కుతుంది. మీ బిడ్డ రాత్రిపూట చేసే పనిలో కొంత అటు వెళ్తుంది. ఎంత వెళ్తుందనేది ఆమె ఏ కోర్సు చూస్తోంది అన్నదాని మీద ఉంది.

కోర్సుల పేరుతో చెత్త కూడా చాలా తిరుగుతోంది. గంట వెబినార్ విని, ఫారం నింపితే వచ్చే ఇ-సర్టిఫికెట్లు 2020 లాక్‌డౌన్ అప్పుడు కుప్పలుగా వచ్చాయి, ఇంకా వస్తూనే ఉన్నాయి. అలా ఊకె ఇచ్చే సర్టిఫికెట్‌కు డబ్బు అడిగేవైతే అసలు ముట్టుకోవద్దు. పని చేయించే కోర్సే కోర్సు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి ఆన్‌లైన్‌లో నడిపే ఎన్‌పీటెల్ కోర్సులనే తీసుకోండి. చేరడం, వీడియోలు చూడడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, సెంటరుకు పోయి పరీక్ష రాయాలి. ప్రతి వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం. ఆ ఇబ్బంది ఉంది కాబట్టే దానికి విలువ. ఆరు నెలలకు ఒక్కటి చాలు. బడి పాఠాలకైతే 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ వేదిక దీక్షా ఉంది, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన సామగ్రి వస్తుంది. రేఖాగణితానికి బొమ్మలు గీసి చూపే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్, అదీ ఉచితమే. ఇంకోటి, సీబీఎస్‌ఈ బడుల్లో టీచర్లు ఏటా 50 గంటల శిక్షణ పూర్తి చేయాలి. 2020 జాతీయ విద్యా విధానం చెప్పిందీ ఆ 50 గంటలే. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో అలాంటి బడికి మారాలనుకుంటే ఈ సర్టిఫికెట్లు అక్కడ కొంత అక్కరకు రావచ్చు.

ఇప్పుడు మీ అసలు బాధ, ఊకె ఇచ్చుడు. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి.

నర్సంపేట వైపు పనిచేసే ఒక మేడమ్ ఏడో తరగతికి చేసిన వర్క్‌షీటు నేను చూశాను. ఎనుమాముల మార్కెట్‌లో రైతుకిచ్చే తక్‌పట్టీనే (అమ్మిన సరుకు లెక్కల చీటీనే) లెక్కగా మార్చింది. తూకం, ధర, హమాలీ, దడువాయి (తూకం వేసేవారి) ఖర్చులు, చివరికి చేతికొచ్చే పైసలు. అన్నీ ఇచ్చి పిల్లలతో లెక్క కట్టించింది. గ్రూపులో పెట్టింది. జమ్మికుంట నుంచి ఒక సారు తూకాలు మార్చి తన పిల్లలతో చేయించి, వాళ్ల నోటు పుస్తకాల ఫోటో తీసి పంపాడు. 12 క్వింటాళ్ల 4 కిలోలను సగం మంది పిల్లలు 12.4 అని రాశారు. రాయాల్సింది 12.04. తేడా 36 కిలోలు. క్వింటాలు 7,000 అనుకుంటే 2,520 రూపాయలు. మేడమ్ తన షీటులో తూకాలన్నీ 12 క్వింటాళ్ల 40 కిలోలు, 9 క్వింటాళ్ల 50 కిలోలు అన్నట్టు ఇచ్చింది, అందుకే ఆమె తరగతిలో ఈ తప్పు బయటపడనే లేదు. షీటు మార్చింది. మరుసటి ఏడాది దశాంశాల పాఠం చెప్పే తీరే మార్చుకుంది. ఏ కోర్సులోనూ దొరకని పాఠం ఇది, పంచుకుంది కాబట్టే దొరికింది. ఊకె ఇచ్చిన షీటుకు తిరిగొచ్చింది అదే. డీఎస్సీ పేపరులో "పిల్లల దోషాలను ఎట్లా గుర్తిస్తారు" అని అడిగితే ఆమె తడుముకోదు.

అయితే పంచే పద్ధతి ఉండాలి. వాట్సాప్‌లో వేసింది రెండు నెలలకు ఎవరికీ దొరకదు. గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డరు పెట్టి, లింకు పంచమనండి. ప్రతి షీటు కింద తన పేరు, తరగతి, పాఠం, తేదీ, ఏ షరతు మీద వాడుకోవచ్చో రాయాలి. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చినా అదే షరతుతో పంచాలి అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఇందుకు సరిపోతుంది. అను ఫాంట్లలో టైపు చేస్తే అవతలివాళ్ల ఫోన్లో గజిబిజిగా కనిపిస్తుంది, ఏ ఫోన్లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్‌లోనే చేయాలి. గైడ్ల స్కాన్ కాపీలు, పిల్లల ముఖాలు కనిపించే ఫోటోలు పెట్టకూడదు. ప్రస్తుత బడి ప్రశ్నపత్రాలు బయటికి పంపకూడదు. బడిలో చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలో, తయారుచేసిన సామగ్రి యాజమాన్యానిదే అని ఉందేమో ఒకసారి చదువుకోవాలి.

ఈ ఫోల్డరు రేపు ఇంటర్వ్యూలో పనికొస్తుంది. డెమో క్లాసుకు పోయినప్పుడు మూడు పాఠాలు, వాటికి పిల్లలు రాసిన జవాబులు, తర్వాత తను చేసిన మార్పులు చూపిస్తే, సర్టిఫికెట్ల ఫైలు కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది.

మీరు చేయగలిగింది కూడా ఉంది. పొద్దంతా నిలబడి చెప్పి వచ్చిన పిల్ల పదకొండు దాకా మేలుకుంటే ఎన్నాళ్లో నడవదు. ఇంటి పనిలో ఆమె వాటా తగ్గించి, సాయంత్రం ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా ఆమె చేతికి పని చెప్పకండి. అందులో గంటన్నర డీఎస్సీకి, అరగంట కోర్సుకు. వర్క్‌షీట్ల పని ఆదివారం. పది గంటలకు ఫోను పక్కన పెట్టాలి.

నోటిఫికేషన్ పడ్డాక మాత్రం లెక్క వేరు. 2024లో ఫిబ్రవరి 29న నోటిఫికేషన్ వచ్చింది, జూలై 18న పరీక్షలు మొదలయ్యాయి. ఆ నాలుగున్నర నెలలు కొత్త కోర్సు వద్దు, కొత్త షీటు వద్దు. గ్రూపులో చెప్పి సెలవు తీసుకోమనండి.