జన్యు పరీక్ష చేయించాకే వ్యాయామం మొదలుపెట్టాలా?

మీ నాన్నగారికి పార్కిన్సన్స్ వచ్చి రెండేళ్లయిందనీ, ఆయనతో పాటే ఇంట్లో సైకిల్ తొక్కడం మొదలుపెట్టిన స్నేహితుడు బాగా తేరుకున్నా ఈయనలో పెద్దగా మార్పు లేదనీ రాశారు. తేడా జన్యువుల్లో ఉందేమో, ఆ పరీక్ష చేయించి దానికి తగ్గ వ్యాయామం ఎంచుకుందామా అని అడిగారు. మేమూ ఇదే దారిలో వెళ్లి రెండు నెలలు పోగొట్టుకున్నాం, అందుకే రాస్తున్నానండీ.

మా అమ్మ జబ్బు మొదట ముగ్గులో కనిపించింది. ధనుర్మాసంలో వాకిట్లో చుక్కలు పెడుతుంటే మొదటి వరస బాగానే ఉంది, చివరి వరసకి వచ్చేసరికి చుక్కలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. ఈ జబ్బులో చేతిరాత చిన్నదైపోతుందని తర్వాత తెలిసింది. మాత్రలతో పాటు వారానికి మూడు రోజులు సైకిల్ పెట్టాం. ఇంతలో తమ్ముడు జన్యు పరీక్ష చేయించాడు. బీడీఎన్ఎఫ్ అనే జన్యువులో మార్పు ఉందనీ, ‘వ్యాయామానికి స్పందన తక్కువ’ అనీ రిపోర్టులో ఎర్ర అక్షరాల్లో వచ్చింది. అమ్మ ఆ ఒక్క మాట పట్టుకుంది. ‘నా ఒంటికి పడదట కదే, ఇంకెందుకు’ అని సైకిల్ మానేసింది. రెండు నెలలు తిరిగేసరికి మంచం మీంచి లేవాలంటే ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది.

అప్పుడు న్యూరాలజిస్టు కూర్చోబెట్టి చెప్పారు. బీడీఎన్ఎఫ్ మెదడు కణాలను, వాటి మధ్య బంధాలను కాపాడే ప్రోటీన్. దాంట్లో 66వ స్థానంలో వాలీన్ బదులు మెథియోనీన్ ఉంటే, కణం చురుగ్గా పనిచేసే వేళ ఈ ప్రోటీన్ విడుదల కాస్త తగ్గుతుంది. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా చాలామందికి ఉండే మార్పే ఇది. దీన్నిబట్టి పార్కిన్సన్స్ వాళ్లకి వ్యాయామం పనిచేయడంలో తేడా ఉంటుందా అని చూసిన అధ్యయనాలు చిన్నవి, ఫలితాలు ఒకదానితో ఒకటి కలవవు. అలాంటిదాన్ని పట్టుకుని ఒక మనిషికి వ్యాయామం పడదని రాసిచ్చినందుకు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

పైగా ఇంకో జన్యువు విషయంలో సంగతి తలకిందులుగా ఉంది. ఏపీఓఈ ఈ4 రకం ఉన్నవాళ్లకి మతిమరుపు ముప్పు ఎక్కువ. తొలిదశ పార్కిన్సన్స్ ఉన్న 173 మందిని గమనించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ రకం ఉండి కూడా శరీరాన్ని బాగా కదిలించేవాళ్లలో ఆలోచనాశక్తి నెమ్మదిగా తగ్గింది. అది గమనించి చెప్పిందే తప్ప కారణం రుజువు చేసింది కాదు. అయినా జన్యువు బాగాలేదని వ్యాయామం మానేయడం ఎంత పొరపాటో దీన్నిబట్టే తెలుస్తుంది.

జన్యువులు చూడకుండా చేసిన పెద్ద ప్రయోగాలే నాకు ధైర్యమిచ్చాయి. 2018లో అమెరికాలో, మాత్రలు ఇంకా మొదలుపెట్టని 128 మందిని తీసుకున్నారు. గుండె వేగం గరిష్ఠంలో 80–85 శాతానికి చేరేలా వారానికి నాలుగు రోజులు ట్రెడ్‌మిల్ చేయించిన వాళ్లకి ఆరు నెలల్లో కదలికల స్కోరు దాదాపు మారలేదు, 0.3 పాయింట్లే పెరిగింది. ఈ వ్యాయామం లేకుండా మామూలుగా గడిపిన రోగులకి 3.2 పెరిగింది (పెరిగితే జబ్బు ముదిరినట్టు). 2019లో నెదర్లాండ్స్‌లో 130 మందితో చేసినదాంట్లో, ఇంట్లో సైకిల్ తొక్కినవాళ్లు కూడా తొక్కనివాళ్లకంటే మెరుగ్గానే ఉన్నారు. అంత వేగం పెట్టే ముందు గుండె పరీక్ష మాత్రం తప్పక చేయించండి.

మా ఇంట్లో అసలు తేడా తెచ్చింది టైము. పొద్దున్నే లేవగానే, మాత్ర వేయకముందే తొక్కించేవాళ్లం. అప్పటికి ఒళ్లంతా బిగుసుకుని ఉంటుంది, పది నిమిషాలకే దిగిపోయేది. ఇప్పుడు మాత్ర వేసి, గంట ఆగి ఎక్కిస్తాం. ఆ మాత్రలో ఉండే లెవోడోపా అనే మందుకీ పప్పు, పెరుగులాంటి ప్రోటీన్‌కీ పడదు కాబట్టి, డాక్టరుగారు చెప్పినట్టు మాత్రకీ టిఫిన్‌కీ మధ్య అరగంట వదులుతాం. పది నిమిషాలు ముప్పైకి చేరడానికి మూడు నెలలు పట్టింది. గడప దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోయేది. ఫిజియోథెరపిస్టు సలహాతో గడపకి ముందు సుద్దముక్కతో అడుగుకొకటి అడ్డగీతలు గీశాం. వాటిని దాటాలని చూస్తుంది, కాలు లేస్తుంది. గడప కూడా అలాగే దాటేస్తోంది.

జన్యు పరీక్షే వద్దని అనను. యాభై ఏళ్లలోపే జబ్బు వచ్చినా, కుటుంబంలో ఇంకెవరికైనా ఉన్నా న్యూరాలజిస్టుతో మాట్లాడి చేయించండి. ఎల్ఆర్ఆర్‌కే2, జీబీఏ లాంటి, పార్కిన్సన్స్‌తో సంబంధమున్న జన్యువుల వివరం అప్పుడు పనికొస్తుంది. ఏపీఓఈ కూడా చూస్తారా అని ముందే అడగండి. అందులో ఈ4 ఉందని తేలితే అల్జీమర్స్ భయం ఇంట్లో పిల్లలందరికీ పట్టుకుంటుంది.

మీ నాన్నగారు మాత్రకి ముందు తొక్కుతున్నారా, తర్వాతా? ఎంతసేపు, ఆయాసం వచ్చేంత వేగంగానా? ఆయన, స్నేహితుడు వేసుకునే మాత్రల మోతాదు, టైము ఒకటేనా? ఇవి రాస్తే నాకు తెలిసినంత చెబుతాను.