ఒక్క అణువు అయస్కాంతం కాగలదా?

ప్రశ్న: అయస్కాంతాన్ని ముక్కలు చేస్తూ పోతే అణువు స్థాయిలో కూడా ఆ గుణం నిలుస్తుందా? లోహ సంశ్లిష్ట సమ్మేళనాలతో ‘ఏకాణు అయస్కాంతాలు’ తయారు చేస్తున్నారని చదివాను. అవి ఎలా పనిచేస్తాయి?

జవాబు: ఇనుమును ముక్కలు చేస్తూ పోతే ఆ గుణం నిలవదు. రేణువు కొన్ని నానోమీటర్లకు చేరేసరికి, దాని అయస్కాంత దిశను గది ఉష్ణోగ్రత దగ్గరి వేడిమే అటూ ఇటూ తిప్పేస్తుంది. జతకూడని ఎలక్ట్రాన్లున్న ప్రతి అణువుకూ కొంత అయస్కాంత గుణం ఉంటుంది కానీ, బయటి క్షేత్రాన్ని తొలగించాక కూడా దిశను గుర్తుంచుకున్నదాన్నే అయస్కాంతం అనాలి. అసలు చిక్కంతా ఈ జ్ఞాపకం దగ్గరే ఉంది.

ఒంటరి అణువుకూ ఆ జ్ఞాపకం సాధ్యమేనని 1993లో వెల్లడైంది. అలా నిరూపించిన సమ్మేళనం అప్పటికి కొత్తదేమీ కాదు. 1980లోనే దాని నిర్మాణం ప్రచురితమైంది. మాంగనీస్ అసిటేట్‌ను నీరు కలిపిన అసిటిక్ ఆమ్లంలో కరిగించి, పర్మాంగనేట్ చేర్చి, కదపకుండా ఉంచితే నల్లని స్ఫటికాలు దిగుతాయి. ఒక్కో అణువులో పన్నెండు మాంగనీసులుంటాయి: మధ్యలో +4 స్థితిలో (అంటే నాలుగు ఎలక్ట్రాన్లు కోల్పోయినట్టు లెక్కించేవి) నాలుగు, వాటి చుట్టూ వలయంగా +3 స్థితిలో ఎనిమిది. వలయంలో ఒక్కోదాని స్పిన్ (జతకూడని ఎలక్ట్రాన్ల వల్ల కలిగే అయస్కాంత గుణానికి కొలత) 2, అంటే మొత్తం 16. లోపలి నాలుగింటి స్పిన్ ఒక్కోటి ఒకటిన్నర చొప్పున 6. అవి వ్యతిరేక దిశలో నిలుస్తాయి కనుక అణువుకు మిగిలేది 10. (ఇంత సులువుగా లెక్క కుదిరే ఉదాహరణలు ఈ రంగంలో అరుదు.) 2 కెల్విన్, అంటే దాదాపు మైనస్ 271 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఒకసారి అయస్కాంతీకరించిన ఈ సమ్మేళనం ఆ స్థితిని నెలల తరబడి నిలుపుకుంటుంది; కాస్త వేడెక్కితే మరచిపోతుంది.

దాంతో స్పిన్‌ను పెంచితే చాలునని చాలామంది మరింత పెద్ద అణువులు కట్టారు. నా దృష్టిలో అది సగం దారి మాత్రమే, ఎందుకంటే దిశకు కట్టుబడేలా చేసే గుణం, అంటే అసమదిశత్వం, లేకుండా స్పిన్ ఎంత పెరిగినా పెద్దగా ఫలితం ఉండదు. డిస్ప్రోసియం అనే అరుదైన మృత్తిక లోహపు ఒకే ఒక్క అయాన్ ఆ పని చేసిపెట్టింది. అత్యధిక అయస్కాంత స్థితిలో దాని లోపలి పొరలోని 4ఎఫ్ ఎలక్ట్రాన్ల మేఘం అప్పచ్చిలా చదునుగా ఉంటుంది. పైన ఒకటి, కింద ఒకటి రుణావేశ కర్బన వలయాలను లిగాండ్లుగా, అంటే లోహానికి అతుక్కునే సమూహాలుగా, అమర్చి, పక్కలను ఖాళీగా వదిలితే, ఆ మేఘం పక్కకు ఒరగాలంటే వలయాల వికర్షణను ఎదుర్కోవాలి కాబట్టి ఉన్నచోటే నిలుస్తుంది. ఈ ఆలోచనతో చేసిన అణువులు 2017లో 60 కెల్విన్ వద్ద, 2018లో 80 కెల్విన్ వద్ద అయస్కాంత జ్ఞాపకాన్ని చూపాయి. ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ వద్ద మరుగుతుంది కనుక, ఖరీదైన ద్రవ హీలియం లేకుండానే ఈ రెండో అణువును పరీక్షించవచ్చు. ఐతే ఇలాంటి అణువులు గాలి, తేమ తగిలితే చెడిపోతాయి కాబట్టి, వాటిని గాలి తగలకుండా జడవాయువులోనే తయారు చేస్తారు.