మా ఊరి బడి చరిత్రంటే నాకు దాని వెనకున్న తోపే

"మీరు చదివిన ప్రాథమిక పాఠశాల ఎప్పుడు మొదలైంది? అక్కడ పిల్లల కోసం చెట్లూ తోటా ఏమైనా ఉండేవా?" అన్నది ప్రశ్న. ఉండేవి. ఇప్పటికీ సగం ఉన్నాయి. మిగతా సగం ఎలా పోయిందో ఎవరో ఒకరికి చెప్పాలని చాన్నాళ్లుగా ఉంది. మీరు అడిగారు కాబట్టి మీకే చెబుతాను.

మాది దివిసీమ, నాగాయలంక వైపు. ఊరి పేరు రాయను. రాస్తే మా పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో నన్ను ఉతికి ఆరేస్తారు. మా దగ్గర దేని వయసు అడిగినా ముందు వచ్చే మాట ఒకటే: ఉప్పెనకు ముందా, తర్వాతా? 1977 నవంబరు 19, శనివారం, సముద్రం ఊళ్ల మీద పడింది. పదివేల మంది పోయారని లెక్కలు చెబుతాయి. మా పెద్దవాళ్లు ఆ లెక్క ఒప్పుకోరు, ఇంకా చాలా ఎక్కువంటారు.

ఉప్పెనకు ముందు బడంటే తాటాకు పాక. జిల్లా బోర్డు వాళ్లు పెట్టారట. 1959లో పంచాయతీ సమితులు వచ్చాక సమితి బడి అయింది. అంతకు మించి కాగితం మీద ఏమీ దొరకదు, ఆ కాగితాలు కూడా పాకతోపాటే కొట్టుకుపోయాయి. తర్వాత అడ్మిషన్ రిజిస్టర్లు మళ్లీ మొదటినుంచి రాయాల్సి వచ్చింది. "మీవాడు ఎప్పుడు పుట్టాడమ్మా?" అంటే "ఊడ్పులప్పుడండీ" అనేవాళ్లే గానీ తేదీ చెప్పినవాళ్లు లేరు. మాస్టారు అందరికీ జూలై 1 వేసేశారు. మా ఊళ్లో ఆ తరం వాళ్లలో ఉద్యోగాల్లోకి వెళ్లినవాళ్లందరూ జూన్ 30నే రిటైరవుతున్నారు. సన్మానాలకు దండలు దొరకవు ఆ రోజు.

ఉప్పెన తర్వాత దేశం నలుమూలల నుంచీ సేవాసంస్థలు వచ్చాయి. ఇళ్లు కట్టారు, బళ్లు కట్టారు. మాకు వచ్చింది బడీ తుపాను షెల్టరూ కలిపిన మేడ. మామూలు రోజుల్లో చదువు, తుపానొస్తే ఊరంతా పైకి. 1990 మే 9న వచ్చిన తుపాను కృష్ణా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే తీరం దాటింది. లక్షల మందిని ముందే తరలించారు కాబట్టి ప్రాణనష్టం 1977తో పోలిస్తే చాలా తక్కువ. మా ఊరు మొత్తం ఆ మేడమీదే ఉంది, గేదెలు తప్ప.

ఇక తోపు సంగతి. మేడ అయితే కట్టారు గానీ చుట్టూ ఒక్క చెట్టు లేదు. సముద్రపు నీళ్లు నిలిచిన నేల, ఉప్పు తేలిపోయింది. అప్పుడున్న హెడ్‌మాస్టారు ఎక్కడెక్కడి నుంచో కానుగ, వేప, సరుగుడు మొక్కలు తెప్పించి వెనకున్న పాతిక సెంట్లలో నాటించారు. కానుగా సరుగుడూ ఉప్పును తట్టుకుంటాయి. వేప కొంచెం మొరాయించింది. గట్టు చివర డ్రైనులోకి పోటు నీళ్లు ఎక్కేవి. అక్కడ మడ మొక్కలు వాటంతటవే మొలిచాయి. ఊపిరి తీసుకోవడానికి బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వాటి వేళ్ల మధ్య ఎర్ర పీతలు తిరిగేవి. ఒక డెక్క చిన్నది, ఒకటి దాని ఒంటికి మించినంత పెద్దది. మగవాటికే అలా ఉంటుందని మేం ఏ పుస్తకమూ చదవకుండానే కనిపెట్టాం.

నీళ్లు పోసే పని పిల్లలది. మాది కాలువ శివారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు పైవాళ్లందరి పొలాలూ తడిసి మా దాకా వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. బోరు వేస్తే ఉప్పునీళ్లు. కాబట్టి ఊరి మంచినీళ్ల చెరువు నుంచే మోయాలి. ఊళ్లో పెద్దలకు అది నచ్చేది కాదు. "తాగడానికి లేక మేం చస్తుంటే చెట్లకేంటయ్యా?" అని మాస్టారిని నిలదీశారు. ఆయన ఒక పద్ధతి పెట్టారు. ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు ఎవరికి వాళ్లు చెంబుతో తెచ్చి తమ చెట్టుకు పోయాలి. కరివేపాకు మొక్క మాత్రం అందరిదీ. అది ఏపుగా పెరిగింది.

నేను నాలుగో తరగతిలో ఉండగా తనిఖీకి అధికారి వచ్చారు. అందరూ డీఐ (డిప్యూటీ ఇన్‌స్పెక్టర్) గారనేవాళ్లు. రెండు రోజుల ముందు నుంచే గోడలకు సున్నం, రంగు కాగితాల తోరణాలు, ఒకటే టెన్షన్. బళ్లకు సామాన్లిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద కొత్తగా వచ్చిన గ్లోబు, అయస్కాంతాలు, సైన్సు పెట్టె అన్నీ బీరువాలోంచి తీసి, దుమ్ము దులిపి, బల్లమీద సర్దారు. అంతకుముందు వాటిని మేం చూడలేదు, ఆ తర్వాతా ముట్టుకోలేదు. ఇది నాకు ఇప్పటికీ మంటే. పిల్లల కోసం కొన్న వస్తువు పాడైతే జవాబు చెప్పాలి, వాడకపోతే మాత్రం అడిగేవాడు లేడు. ఈ దేశంలో బీరువాల్లో ముసలివైపోయిన గ్లోబులన్నీ బయటపెడితే ఊరికి రెండొస్తాయి.

సరే, ఆయన పరిసరాల విజ్ఞానం పుస్తకం తెరిచి "సీతాకోకచిలుక జీవితంలో ఎన్ని దశలు?" అన్నారు. "నాలుగు సార్" అని అరిచాం. "చూశారా ఎప్పుడైనా?" అన్నారు. చప్పుడు లేదు. మాస్టారి ముఖం మాడిపోయింది. అప్పుడు వెనక వరసలోంచి పల్లెకారుల అబ్బాయి లేచాడు. ఎక్కాలు రాక రోజూ గోడకుర్చీ వేసేవాడు. "చూపించనా అండీ?" అన్నాడు.

అందరం వాడి వెనక తోపులోకి నడిచాం. కరివేపాకు కొమ్మ వంచి, లేత ఆకు మీద నల్లగా, మధ్యలో తెల్ల మచ్చతో ఉన్నదాన్ని చూపించాడు.

"పిట్టరెట్ట కదరా ఇది?"

"కాదండీ, పురుగేనండీ. పిట్టలు కూడా మీలాగే అనుకుని వదిలేస్తాయండి."

మాస్టారు దగ్గారు. వాడు ఆగలేదు. కింది కొమ్మ మీద అదే పురుగు పెద్దదై, ఆకుపచ్చగా వేలంత లావున ఉంది. గడ్డిపరక తీసి దాని తల వెనక మెల్లగా పొడిచాడు. లోపల దాచుకున్న రెండు మెత్తటి కొమ్ములు, నారింజ రంగువి, టక్కున బయటికొచ్చాయి. నలిపిన నిమ్మాకులో ఏదో పులిసినట్టు ఘాటైన వాసన. డీఐ గారు ఉలిక్కిపడి వెనక్కి వేసిన కాలు తిన్నగా తడి పాదులో పడింది. చెప్పు అక్కడే ఉండిపోయింది.

మా అందరికీ ఊపిరాడలేదు. ఆయన వంగి చెప్పు తీసుకుని, పంచె ఎగ్గట్టి, "ఏదీ, ఇంకోసారి పొడు" అన్నారు. కొమ్ములు లోపలికి వెళ్లేదాకా చూసి తనే మళ్లీ పొడిచారు. కాండానికి సన్నటి దారం నడుముకు చుట్టుకుని వాలి ఉన్న ప్యూపాను కూడా వాడే చూపించాడు. మధ్యాహ్నం గంట కొట్టేవరకు ఆయన లోపలికి రాలేదు. బల్లమీద సర్దిన సైన్సు పెట్టె అలాగే ఉండిపోయింది.

"ఇదంతా ఎవరు చెప్పార్రా నీకు?" అంటే వాడన్నది: "ఎవరూ చెప్పలేదండీ. ఆకు తినేస్తంది, చంపెయ్యరా అంది మా చిన్నమ్మ. మాస్టారు వద్దన్నారండి. అందుకని చూస్తా కూచున్నానండి."

వాడిప్పుడు రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు. నీళ్ల రంగు చూసి జబ్బు చెప్పేస్తాడు, ల్యాబు రిపోర్టు ఆ తర్వాత వస్తుంది. ఆ తోపులో తిరిగిన వాళ్లెవరూ హైస్కూల్లో సైన్సు తప్పలేదు, రాసిపెట్టుకోండి. లెక్కలు తప్పినవాళ్లు ఉన్నారు, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆ తోపు ఎలా ఉందంటారా? 2003లో బళ్లలో మధ్యాహ్నం వేడి అన్నం పెట్టడం మొదలయ్యాక వంటపాక కోసం నాలుగు సరుగుళ్లు కొట్టారు. దానికి నేనేమీ అనను, అన్నం ముందు. పైగా వంటమ్మకు కరివేపాకు చేతికందేది. తర్వాత డ్రైను వైపు మట్టి పోసి చెరువులకు లారీల దారి వేశారు, మడ మొక్కలూ పీతలూ పోయాయి. దానికీ ఎవరూ కిక్కురుమనలేదు, ఊళ్లో అందరికీ ఎంతో కొంత చెరువు ఉంది మరి. నాకు ఒళ్లు మండింది ఆ తర్వాత జరిగినదానికి. ఆకులు రాలి చెత్త అవుతోందని కానుగలు కొట్టించి, గచ్చు చేయించి, "ప్రకృతి వనం" అని బోర్డు పెట్టారు. కానుగాకు చెత్తట! మా తాతలు పొలంలో పచ్చిరొట్టగా తొక్కించిన ఆకు అది.

ఆ వనంలో ఏముంది? మూడడుగుల లాన్, సిమెంటు జిరాఫీ ఒకటి, వరసగా కోనోకార్పస్ మొక్కలు. గుజరాత్‌లో 2023లో నిషేధించిన మొక్కను మనవాళ్లు ఇంకా ముద్దు చేస్తున్నారు. తొందరగా పెరుగుతుంది, పచ్చగా ఉంటుంది, ఫొటోకి బాగుంటుంది. దాని ఆకు తినే గొంగళిని నేనింతవరకు చూడలేదు. గొంగళి లేని చోటికి పిట్ట ఎందుకొస్తుంది? ఇక జిరాఫీ దివిసీమలో ఏం చేస్తుందో నాకు అర్థం కాదు. కాస్త దూరం పోతే కృష్ణా అభయారణ్యంలోని మడ అడవుల్లో బావురుపిల్లి ఉంది, నీళ్లలో దిగి చేపలు పట్టే పిల్లి. బొమ్మే కావాలంటే దాన్ని పెట్టొచ్చుగా? మా ఊరి పిల్లల్లో సగం మందికి అలాంటి పిల్లి ఉందనే తెలియదు.

మీ ఊరి బడిలో ఇలాంటిది పెట్టాలనుకుని ఈ ప్రశ్న అడిగి ఉంటే ఒకటే చెబుతాను. ఒక మూల వదిలెయ్యండి. కరివేపాకు, నిమ్మ, రెండు జిల్లేడు మొక్కలు చాలు. జిల్లేడు పాలు కళ్లలో పడకూడదని పిల్లలకు ఒక్కసారి గట్టిగా చెప్పండి. పురుగుమందు కొట్టొద్దు, ఊడవొద్దు. గేటుకు తాళం వేసి తాళంచెవి ఆఫీసు గదిలో పెట్టే పని అసలే వద్దు. అసలు కష్టం వేసవి సెలవుల్లో వస్తుంది. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ దాకా బడికి తాళం, మొక్కలన్నీ అప్పుడే చస్తాయి. మాకు బడి పక్కింటి ఆవిడ పోసేది. ఆవిడకు ఎవరూ పైసా ఇవ్వలేదు, బోర్డు మీద ఆవిడ పేరూ లేదు.

ఈ మధ్య మా గ్రూపులో బడికి ఆర్చి కట్టిద్దామని చందాలు మొదలుపెట్టారు. పేర్లు చెక్కే పాలరాయి ఎంత ఉండాలన్నదాని మీద రెండు వర్గాలయ్యారు కూడా. ఆర్చికి నేను ఒక్క రూపాయి ఇవ్వనని చెప్పేశాను. వేసవిలో నీళ్లు పోసే మనిషికి జీతం కావాలంటే అడగండి, ప్రతి ఏడూ నేనిస్తాను అన్నాను. ఇద్దరు బొటనవేలు గుర్తు పెట్టారు. మిగతావాళ్లు పాలరాయి రేట్లు మాట్లాడుకుంటున్నారు.