కేబుల్ దారి బుర్రలో కాదు, మ్యాప్‌లో ఉండాలి

ప్రశ్న: మాది కావలి. మొదట్లో కేబుల్ టీవీ ఒక్కటే ఇచ్చేవాళ్లం, ఆరేళ్లుగా ఇంటర్నెట్ కూడా ఇస్తున్నాం. టౌన్లోనూ, తుమ్మలపెంట వైపు ఊళ్లలోనూ కలిపి తొమ్మిది వందల కనెక్షన్లున్నాయి. ఏ కేబుల్ ఎటు పోతుందో, ఏ జాయింట్‌లో ఏ కోర్ (కేబుల్ లోపలి సన్నని ఫైబర్) దేనికి కలిసిందో మా పాత టెక్నీషియన్‌కే తెలుసు. ఆయన వేసవిలో పని మానేశారు. పోయిన నెల కట్ పడితే వెతకడానికి రాత్రంతా పట్టింది. మ్యాప్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోమని అందరూ అంటున్నారు, ఖరీదైనది కొనలేం. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ముందు ఆ టెక్నీషియన్‌కు ఫోన్ చేయండి. రెండు ఆదివారాలు మీతో బండి మీద తిరగమని అడగండి, రోజు కూలి ఇచ్చి మరీ అడగండి. ఆయనకు గుర్తున్నదంతా ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను బయటికి తీయలేదు, ఇంకో ఏడాది పోతే ఆయనకే సగం గుర్తుండదు.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. మీ స్థాయికి క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్ చాలు. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్, 2002లో మొదలై ఇప్పటికీ బాగా నడుస్తున్న ప్రాజెక్టు. మామూలు ల్యాప్‌టాప్‌లో పనిచేస్తుంది. లాంగ్ టర్మ్ రిలీజ్ అని ఉన్నదే దించుకోండి, కొత్తది వచ్చినప్పుడల్లా మార్చాలన్న టెన్షన్ ఉండదు. వెనక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్ పెట్టుకుంటే రోడ్లు కనిపిస్తాయి. మీ డేటా మొత్తం ఒకే జియోప్యాకేజ్ ఫైల్‌లో పెట్టుకోండి. లేయర్లు (ఒక్కో రకం వస్తువుకు ఒక్కో పొర) తయారుచేసేటప్పుడు కోఆర్డినేట్ సిస్టమ్ అడుగుతుంది, అక్కడ ఈపీఎస్‌జీ 32644 అనే కోడ్ ఎంచుకోండి. అది యూటీఎం అనే మ్యాప్ పద్ధతిలో 44 ఉత్తర జోన్, 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు వర్తిస్తుంది, కావలి 80 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి సరిపోతుంది. దీనివల్ల కొలతలు డిగ్రీల్లో కాకుండా మీటర్లలో వస్తాయి.

లేయర్లు నాలుగు చాలు: స్తంభాలు, జాయింట్ బాక్సులు, స్ప్లిటర్లు (ఒక ఫైబర్‌లోని సిగ్నల్‌ను పలు ఇళ్లకు పంచేవి), కేబుళ్లు. ఇళ్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి, చాలామంది అక్కడే మొదలుపెట్టి అలసిపోయి వదిలేస్తారు. స్నాపింగ్ (గీత చివర చుక్కకు అతుక్కునే సదుపాయం) ఆన్ చేసుకుని కేబుల్ గీతను స్తంభం నుంచి స్తంభానికి గీయండి, రోడ్డు మధ్యలో అందాజాగా గీయకండి. స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు ఉంటే అదే పేరుగా పెట్టండి, లేకపోతే మీరే ఒక నంబరు రాయించండి. నేను మొదట్లో ఒక జాయింట్‌కు 'టీ కొట్టు ఎదురు స్తంభం' అని రాసుకున్నాను. రోడ్డు వెడల్పు చేశారు, కొట్టు పోయింది, ఆ జాయింట్ కోసం వర్షంలో నలుగురం టార్చిలైట్లు పట్టుకుని తిరిగాం. అప్పటినుంచి నంబరు లేకుండా ఒక్క జాయింట్ కూడా రాయలేదు.

అసలు విలువ మాత్రం గీతల్లో లేదు, స్ప్లైసింగ్ పట్టికలో, అంటే ఏ ఫైబర్‌ను దేనికి అతికించారో రాసిన పట్టికలో ఉంది. జాయింట్ నంబరు, వచ్చే కేబుల్, ట్యూబు (కేబుల్‌లో కొన్ని కోర్లను కలిపి ఉంచే గొట్టం) రంగు, కోర్ రంగు, పోయే కేబుల్, దాని ట్యూబు, దాని కోర్: ఒక్కో కలయికకు ఒక్కో వరుస. దీన్ని జాయింట్ లేయర్‌కు రిలేషన్‌తో కట్టేస్తే, మ్యాప్ మీద బాక్సు నొక్కగానే లోపల ఏముందో కనిపిస్తుంది. రంగుల వరుస ఎక్కువ కేబుళ్లలో ఇలా ఉంటుంది: నీలం, నారింజ, ఆకుపచ్చ, బ్రౌన్, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, వయొలెట్, గులాబీ, ఆక్వా. ట్యూబుకు నాలుగో ఆరో కోర్లుండే కేబుళ్లూ ఉన్నాయి, అందుకే 'ఏడో కోర్' అని రాస్తే చాలదు, ట్యూబు రంగు, కోర్ రంగు రెండూ రాయాలి.

మీకు ఆ రాత్రంతా ఎందుకు పట్టి ఉంటుందో చెబుతాను. ఓటీడీఆర్ (ఫైబర్‌లోకి కాంతి పంపి కట్ ఎంత దూరంలో ఉందో చెప్పే పరికరం) 3,420 మీటర్ల దగ్గర కట్ అని చూపించిందనుకోండి. అది ఫైబర్ పొడవు, రోడ్డు పొడవు కాదు. దారిలో పది చోట్ల 15 మీటర్ల చొప్పున అదనపు కేబుల్ లూప్‌గా చుట్టి ఉంటే అక్కడే 150 మీటర్లు పోయింది. స్తంభాల మధ్య కేబుల్ కిందికి వేలాడటం ఒకటి, ట్యూబులో ఫైబర్ కాస్త మెలి తిరిగి ఉండటం ఇంకొకటి. కాబట్టి రోడ్డు మీద కట్ 3,200 దగ్గరో అంతకన్నా ముందో ఉంటుంది, మీవాళ్లేమో 3,420 దగ్గర నిలబడి పైకి చూస్తుంటారు. అందుకే లూప్ పొడవు రాయడానికి ఒక గడి తప్పకుండా పెట్టండి. ఇంకో సంగతి, ఇది చాలామంది పట్టించుకోరు: కేబుల్ పైతొడుగు మీద మీటరు మీటరుకీ అంకె ముద్రించి ఉంటుంది. ప్రతి జాయింట్ దగ్గర ఆ అంకె ఫొటో తీసి ఉంచండి. రెండు అంకెల తేడా చూస్తే మధ్యలో ఎంత కేబుల్ ఉందో కచ్చితంగా తెలిసిపోతుంది.

ఇదంతా ఫోన్లో చేయడానికి క్యూఫీల్డ్ అనే యాప్ ఉంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ఫొటో కూడా అక్కడే జతచేయొచ్చు. ఫోన్ జీపీఎస్ ఐదారు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ, కాబట్టి చుక్కను నమ్మకండి, స్తంభం నంబరును నమ్మండి. ఒకే ఫైల్‌ను ఇద్దరు ఒకేసారి దిద్దకూడదు. అలా అవసరమైన రోజున పోస్ట్‌జీఐఎస్ అనే డేటాబేస్‌కు మారొచ్చు, ఇప్పుడు వద్దు. ఆఫీసు నుంచి తుమ్మలపెంట పోయే మెయిన్ కేబుల్ ఒక్కటి ముందు పూర్తి చేయండి, అదీ తుపానుల సీజన్ రాకముందే. గాలికి స్తంభాలు పడిపోయాక రాసుకోవడానికి ఏమీ మిగలదు.

ప్రశ్న: నేను గూగుల్ ఎర్త్‌లో మా కేబుళ్లన్నీ గీసి పెట్టాను. ఇప్పుడు క్యూజీఐఎస్‌కు మారితే ఆ పనంతా వృథానా?
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: వృథా కాదు. కేఎంఎల్ ఫైల్‌గా దించుకుని క్యూజీఐఎస్‌లో తెరవండి, జియోప్యాకేజ్‌గా సేవ్ చేసేటప్పుడు 32644 ఎంచుకోండి. కాకపోతే ఆ గీతలు కంటి అంచనాతో గీసినవి, చివరలు ఒకదానికొకటి తగలవు. ముందు స్తంభాలు వేసుకుని, ఒక్కో గీతను వాటి మీదికి జరపండి. హైవే, రైలు పట్టాలు దాటే చోట్ల నుంచి మొదలుపెట్టండి, అక్కడ కట్ పడితే బాగుచేయడం అన్నిటికన్నా ఆలస్యమవుతుంది.